గుమ్మడికాయకు కప్పిన గొంగడి

ఖాదర్‌వలి ఉమ్రా చేసి వచ్చి ఏళ్లు గడిచాయి గాని, ఆ యాత్ర దేవుడి దగ్గర చెల్లిందా లేదా అన్న అనుమానం మాత్రం అతన్ని వదల్లేదు. సెలవు మీద కడపకు వచ్చినప్పుడు చుట్టాలు మక్కా చూసి వచ్చిన మనిషని అతన్ని పెళ్లిళ్లలో ముందు కూర్చోబెట్టేవాళ్లు. అతను మక్కా బావి నుంచి తెచ్చిన జంజం నీళ్లు గుక్కెడు తాగి, ముసలమ్మలు అతని చేతులు కళ్లకద్దుకునేవాళ్లు. అప్పుడల్లా అతనికి ఇంకొకరి చొక్కా తొడుక్కుని నిలబడినట్లు ఇబ్బందిగా ఉండేది. ఒకసారి భార్య జైనబీ దగ్గర ఈ సంగతి కదిపాడు. ఆమె నవ్వి, కాబా చుట్టూ తిరిగొచ్చిన వాడికి కూడా అనుమానమైతే ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న నా గతేమిటి అంది. ఆ తర్వాత అతను ఇంట్లో ఆ ఊసెత్తలేదు.

అనుమానమంతా ఒక గొంగడి మీద. ఆ గొంగడిని కప్పింది ఒక గుమ్మడికాయకు.

ఖాదర్‌వలిది కడప పక్కన చెన్నూరు. తాత నాటి నుంచీ తమలపాకు తోటల్లో పని. తీగ కట్టడం, ఆకు కోయడం, కట్టలు కట్టి తడిగోనె చుట్టి బండికెక్కించడం తప్ప ఇంకో పని తెలియదు. ఎనభై ఎనిమిదిలో ఒమాన్‌కు వచ్చినప్పుడు సమాయిల్‌లో హమూద్ అనే ఆసామి ఖర్జూర తోటలో పెట్టుకున్నాడు. పనివాళ్లంతా ఆయన్ను అర్బాబ్, అంటే యజమాని, అనేవాళ్లు. ఆయనకు జెబల్ అఖ్దర్ కొండ మీద కూడా కొంత భూమి ఉంది. మెట్లు మెట్లుగా చిన్న చిన్న మళ్లు, దానిమ్మ చెట్లు, ఫలజ్ కాలువ నీళ్లు, రాతి గోడల గదులు రెండు. పట్టాళం వాళ్ల చెక్‌పోస్టు దాటి, కాగితం చూపించి, పెద్ద బండిలో గాని పైకి పోవడానికి వీల్లేని చోటు. అక్కడ మేకలను చూసుకోవడానికి నర్సయ్య అనే మనిషి ఉండేవాడు. సిద్దిపేట దిక్కు కురుమవాడు. ఖాదర్‌వలి కంటే పదేళ్లు పెద్ద. మేకలతో మాట్లాడినంతసేపు మనుషులతో మాట్లాడేవాడు కాదు గాని, మాట్లాడితే మాత్రం ఎదుటివాడికి చురుక్కుమనేది.

తొంభై ఒకటిలో అర్బాబ్ ఏదో చల్లటి దేశం పోయి, అక్కడి రైతుల సంతలో దూడంత గుమ్మడికాయను చూసి వచ్చాడు. వస్తూ వస్తూ ఆ విత్తనాలు గుప్పెడు తెచ్చాడు. నవంబరులో పండుగ ప్రదర్శన నాటికి అలాంటి కాయ ఒకటి పండించి, ఊరి పెద్దల ముందు పెట్టాలని ఆయన ముచ్చట. సమాయిల్ ఎండకు ఆ తీగ పూత నిలపదు. కొండ మీదైతే ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. అందుకని ఖాదర్‌వలిని పైకి పంపాడు.

పంపేటప్పుడే ఆయన ఒక మాట ఇచ్చాడు. రజబ్ నెలలో, అంటే జనవరి ప్రాంతంలో, తన తల్లిని బస్సులో ఉమ్రాకు తీసుకుపోతున్నాననీ, కాయ ప్రదర్శనకు అందితే ఖాదర్‌వలిని కూడా వెంట తీసుకుపోతాననీ చెప్పాడు. చెప్పింది హిందీ, అరబ్బీ కలిపి, రెండే ముక్కల్లో.

"కద్దూ జిందా, తో ఉమ్రా. కద్దూ ఖలాస్, ఉమ్రా ఖలాస్." గుమ్మడికాయ బతికితే ఉమ్రా, కాయ పోతే ఉమ్రా పోయినట్లే.

ఖాదర్‌వలి వంశంలో ఆ గడ్డ మీద కాలు పెట్టినవాడు లేడు. నాయనమ్మ కాబా బొమ్మ నేసిన పాత చాపనొకదాన్ని పెట్టెలో దాచుకుని, రంజాన్ నాడు మాత్రం తీసి, బొమ్మను చేత్తో నిమిరి, మళ్లీ దాచేసేది. అతని జీతానికి, ఇంటి ఖర్చుకు, సొంతంగా ఆ ప్రయాణం ఈ జన్మలో కుదిరేది కాదు. అలాంటిది ఒక గుమ్మడికాయను బతికిస్తే చాలునట. దేవుడు తన ఇంటికి పిలవదలిస్తే గుమ్మడికాయ చేత పిలిపిస్తాడా అని అతనికి ఆ రోజే అనిపించింది. పిలవకూడదని మాత్రం ఎక్కడుంది అని తనకు తానే జవాబు చెప్పుకుని కొండెక్కాడు.

తీగ బాగా పాకింది. ఆకులు గొడుగులంత. ఒక్క పిందెను మాత్రం ఉంచి మిగతావన్నీ గిల్లేశాడు. ఉంచిన పిందెకు ఎవరూ వేలు చూపించకూడదని దాని మీద పాత లుంగీ కప్పాడు. వేలు చూపిన పిందె కుళ్లి రాలుతుందని చెన్నూరులో చంటిపిల్లలకు కూడా తెలుసు. నర్సయ్య మేకలను తోలుకుంటూ వచ్చి, గట్టు మీద ఆగి చూశాడు.

"ఏంది సాయిబూ, కాయకు బురఖా ఏసినవా? నిఖా ఎప్పుడు?"

"దిష్టి తగలకుండా కప్పినా నర్సన్నా. నువ్వు మాత్రం వేలు చూపించగాకు."

"నేను చూపియ్య. నా మేక నోరు చూపిస్తది, జర పైలం."

అలా ఇద్దరికీ చెలిమి కుదిరింది. సాయంత్రాలు ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు. ఖాదర్‌వలి నమాజుకు నిలబడితే నర్సయ్య అన్నం చూసుకునేవాడు. నర్సయ్య దగ్గర ఇంటి నుంచి తెచ్చుకున్న నల్ల గొంగడి ఒకటి ఉండేది. వాళ్ల నాయనది. చలికి అదే దుప్పటి, వానకు అదే గొడుగు. ఆదివారం పొద్దున మాత్రం దాన్ని దులిపి శుభ్రమైన రాతి మీద పరిచేవాడు. గుడ్డలో మూటకట్టి తెచ్చుకున్న బండారి, అదే పసుపు, చిటికెడు చల్లి, ఎదురుగా కూర్చుని వాళ్ల కులదైవం బీరప్పను తలుచుకునేవాడు. ఆ కాసేపు దాని మీద మేకను కూడా కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

ఎండాకాలం చివరికొచ్చింది. కింద సమాయిల్‌లో ఇంకా నేల కాలుతూనే ఉంది. కొండ మీద మాత్రం సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం మబ్బులు కమ్మి వడగళ్లు పడ్డాయి. వాటి వెనకే ఉత్తరపు గాలి. కాయ ఇంకా పెరుగుతూనే ఉంది, కోయడానికి నెలకు పైగా గడువుంది. ఇలాంటి చలి పొద్దులు వస్తాయనీ, తీగను కప్పమనీ అర్బాబ్ ముందే చెప్పి గోనె సంచుల కట్ట పంపాడు. ఎలా కప్పాలో చెప్పలేదు. ఖాదర్‌వలి అడగనూ లేదు. తీగకు గోనె కప్పడం తనకు కొత్తా?

చెన్నూరులో తోటకు గోనె కప్పితే నీళ్లు చల్లాలి. వడగాడ్పుకు ఆకు మాడకుండా పెద్దలు చేసేది అదే. పొద్దుగూకే వేళ అతను ఖర్జూర మట్టలు వంచి పాతి, సంచులు పరిచి, అలవాటైన చేత్తో ఫలజ్ నీళ్లు తోడి అన్నింటినీ నానేలా తడిపాడు. తడుపుతుంటే చేతివేళ్లు కొంకర్లు పోయాయి. తన వేళ్లే అలా అయితే ఆ తడి చలికి ఆకు ఏమవుతుందన్నది మాత్రం తట్టలేదు. బిస్మిల్లా అనుకుంటూ ఇంకో బిందె పోశాడు.

తెల్లవారి సంచులు ఎత్తితే, గాలి వాటున ఉన్న సగం ఆకులు ఉడికిన పాలకూరలా వాలిపోయి ఉన్నాయి. పక్క తీగ ఒకటి నల్లబడింది. వేడినీళ్లు గుమ్మరించినట్లు ఉంది. అతను అక్కడే కూలబడ్డాడు. నర్సయ్య వచ్చి, ఒక సంచిని పిండి చూసి, నీళ్లు కారుతుంటే దాన్ని గోడ మీద ఆరేశాడు. తిట్టినా ఖాదర్‌వలికి అంత సిగ్గనిపించేది కాదు.

కబురు అంది అర్బాబ్ పైకి వచ్చాడు. నలిగిన ఆకులు చూసి మొహం ముడుచుకున్నాడు గాని కాయ మీద చెయ్యి వేసి చూస్తే గట్టిగానే ఉంది. తిట్టలేదు. బండి ఎక్కుతూ ఆ రెండు ముక్కలే మళ్లీ గుర్తు చేసి పోయాడు.

నాలుగు రోజులకు గాలి మళ్లీ తిరిగింది. ఈసారి మబ్బు లేదు, ఆకాశం కడిగినట్లుంది. అలాంటి రాత్రి చలి ఇంకా గట్టిదని నర్సయ్య పొద్దుటే చెప్పాడు. నిన్నటిదాకా మబ్బు వీడక, మందపాటి సంచులు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఖాదర్‌వలి తన దుప్పటి తెచ్చాడు, చాలలేదు. మిగిలిన ఆకులను దానితోనే కప్పి, కాయకు ఏం కప్పాలో తెలియక, పొయ్యి దగ్గరికి వచ్చాడు. నర్సయ్య గొంగడి కప్పుకుని రొట్టె కాలుస్తున్నాడు.

"నర్సన్నా, ఒక మాట. ఈ ఒక్క రాత్రికి నీ గొంగడి ఇయ్యి. తెల్లారేసరికి తెచ్చిస్తా."

నర్సయ్య రొట్టె తిప్పాడు. "కాయకా?"

"నా ఉమ్రా ఆ కాయ మీద ఉండాది."

"గిది మా నాయినది, తమ్మీ."

"తెలుసు. అందుకే అడగతా ఉండా. అల్లా మీద ఒట్టు, తెల్లారేసరికి నీ చేతిలో పెడతా."

నర్సయ్య రొట్టెను దించి పక్కన పెట్టాడు. తర్వాత భుజం మీది నుంచి గొంగడి తీసి, మడత పెట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. మేకల పాకలోకి పోయి పడుకుంటూ, ఈ రాత్రికి మేకలే నాకు రజాయి అని నవ్వాడు.

తెల్లవారాక కాయ వెచ్చగా ఉంది. ఖాదర్‌వలి గొంగడి దులిపి నర్సయ్య చేతిలో పెట్టాడు. సాయంత్రం మళ్లీ చలి. మళ్లీ అడిగాడు. మూడో పొద్దుకు అడగడం కూడా మానేసి, తీసుకుపోయి కప్పాడు. తెల్లవారగానే ఎండ తగలకముందే గొంగడి తీయాలి, లేకపోతే వేడెక్కి కాయ పగులుతుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే వేళ్లు జపమాల తస్బీహ్ పూసల మీద పడాల్సింది పోయి, ముందు కాయ మీదికి పోయేవి. తాను మొక్కుతున్నది ఎవరికి అని ఒక్కోసారి అతనికే సందేహం వచ్చేది. చలి తగ్గిన రోజుల్లో కూడా, మళ్లీ వస్తే అన్న భయంతో గొంగడిని కాయ దగ్గరే ఉంచేశాడు. నర్సయ్య ఆదివారాలు వచ్చి తీసుకుపోయి, రాతి మీద పరిచి, పని కాగానే తనే తెచ్చి ఇచ్చేవాడు.

కాయ బతికింది. నలుగురు పట్టినా లేవనంత అయింది. ప్రదర్శన దగ్గర పడ్డాక ఒక పొద్దున అర్బాబ్, హైదరాబాద్ డ్రైవర్ అజహర్, ఇంకో ఇద్దరు మనుషులు బండి వేసుకుని వచ్చారు. తొడిమ కోశారు. కొండదారి కుదుపులకు కాయ గీసుకుపోకుండా చుట్టూ సంచులు, దుప్పట్లు కుక్కి, అన్నింటి మీదా గొంగడి చుట్టి తాడు బిగించారు. నర్సయ్య అప్పటికే మేకలను తోలుకుని వెనక లోయకు పోయాడు.

ఖాదర్‌వలి తాడు ముడి దాకా పోయాడు. ఈ నల్లది వేరేవాళ్లది, తీసేస్తానని అన్నాడు. అర్బాబ్ వద్దని చెయ్యి ఊపాడు. కట్టింది విప్పితే మళ్లీ గంట, ఎండెక్కుతోంది, బండి తిరిగి వచ్చినప్పుడు అన్నీ వస్తాయి అన్నాడు. ఖాదర్‌వలి ఇంకొక్కసారి గట్టిగా అంటే ఆయన కాదనేవాడు కాదేమో. మొహం మాత్రం చిట్లించేవాడు. ఆ చిట్లింపులో తన ఉమ్రా ఎక్కడ చిక్కుకుంటుందోనని ఇతను ముడి మీది నుంచి చెయ్యి తీశాడు. బండి కదిలి మలుపు తిరిగిపోయింది.

పొద్దుగూకి నర్సయ్య వచ్చాడు. ఖాళీ మడి చూశాడు.

"కాయ పోయిందా?"

"పోయింది నర్సన్నా. బాగా పోయింది."

"నా గొంగడేది?"

"కాయకు చుట్టినారు. బండి వస్తానే తెచ్చిస్తారు."

"నువ్వు ఈడనే ఉన్నవా, చుట్టేటప్పుడు?"

ఖాదర్‌వలి ఉన్నానన్నాడు. నర్సయ్య మేకలను లోపలికి తోలాడు.

బండి చాలా సార్లు వచ్చింది, గొంగడి రాలేదు. అడిగితే అజహర్ చూస్తానన్నాడు, మరిచానన్నాడు, గోదాములో ఉండొచ్చన్నాడు. కాయకు ప్రదర్శనలో బహుమతి వచ్చిందనీ, ఆ తర్వాత కోస్తే లోపలంతా నీళ్లు, పీచు, ఉప్పూ కారం వేసినా రుచి లేదనీ, చివరికి ఒంటెలకు వేశారనీ అతనే చెప్పాడు. ఒంటెలు కూడా సగం వదిలేశాయట.

కొండ మీద అసలు చలికాలం వచ్చింది. కాలువ అంచున మంచు పేరుకుంది. ఖాదర్‌వలి తన దుప్పటి తీసుకుపోయి నర్సయ్య పక్కన పెట్టాడు. నర్సయ్య దాన్ని అప్పుడే పుట్టిన మేకపిల్లకు కప్పాడు. నీది నాకెందుకు, నాది నాకు తెచ్చియ్యి అన్నాడు. ఒకే పొయ్యి మీదే వండుకున్నారు గాని మాటలు తగ్గాయి. నర్సయ్యకు దగ్గు పట్టుకుంది. మొదట పొడి దగ్గు, తర్వాత గట్టెక్కితే ఆయాసం. ఆదివారాలు రాతి దగ్గరికి పోవడం మానేశాడు. పరచడానికేం లేక ఊరికే పాక గుమ్మంలో కూర్చునేవాడు.

రజబ్ వచ్చింది. అర్బాబ్ మాట తప్పలేదు. ఖాదర్‌వలికి కబురొచ్చింది. ఆ ప్రయాణం పోయేవాడు ముందుగా బాకీలు తీర్చుకోవాలి, తెలిసినవాళ్లందరినీ కలిసి కహా సునా మాఫ్ చేయమని అడగాలి. అన్న మాట, పడ్డ మాట అన్నీ మన్నించమని. కడపలో అయితే ఊరంతా తిరిగేవాడు. కొండ మీద అతనికి ఉన్నది ఒక్క నర్సయ్యే. కొత్త లుంగీ కట్టుకుని పాక దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నర్సన్నా, పోయొస్తా. నేనేమన్నా తప్పు మాట్లాడింటే, నా చేత నీకేమన్నా కష్టం కలిగింటే, మాఫ్ చెయ్యి."

నర్సయ్య దగ్గు ఆగేదాకా ఆగి, చెయ్యి అతని భుజం మీద వేశాడు.

"పైలంగ పోయి రా. అన్నీ మాఫ్. గొంగడి మాత్రం గాదు."

కోపంగా అనలేదు. దారి ఖర్చుకు ఏముంది అని అడిగినంత మామూలుగా అన్నాడు. అదే ఖాదర్‌వలి గుండెలో ముల్లులా దిగింది. దేవుడికి చేసిన తప్పును దేవుడు మన్నిస్తాడు, మనిషికి పడ్డ బాకీని ఆ మనిషే మన్నించాలి అని చిన్నప్పుడు మసీదులో విన్న మాట కొండ దిగుతున్నంతసేపూ చెవిలో మోగింది.

సమాయిల్‌లో బస్సెక్కే రోజు పొద్దున అర్బాబ్ ఇంటి వెనక గొంగడి కనిపించింది. అజహర్ బండి కింద పడుకుని ఆయిల్ మారుస్తున్నాడు. వీపు కింద నల్లటి గుడ్డ. ఖాదర్‌వలి వంగి అంచు పట్టుకుని లాగి చూశాడు. రెండు ముక్కలు చేశారు. ఉన్న ముక్క ఆయిల్ తాగి అట్టలా బిగుసుకుపోయింది.

అజహర్ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "ఇదేనా నువ్వడిగేది? మేక వాసన కొడుతుందని అర్బాబ్ ఇంటావిడ బయట పారేయమన్నది భాయ్. పారేసేది వాడుకుంటే తప్పేంది?"

ఖాదర్‌వలి చేతిలో అంచు అలాగే ఉంది. బస్సు హారన్ కొట్టింది. అర్బాబ్ తల్లి చక్రాల కుర్చీని ఎత్తి లోపల పెట్టాలి. ఆ పనికే తనను తీసుకుపోతున్నారని అతనికి అప్పుడు అర్థమైంది. కాయ పోయినా ఎవరో ఒకణ్ని తీసుకుపోయేవాళ్లే. గొంగడి అంచును నేల మీదే వదిలేసి, కుర్చీ ఎత్తాడు.

మక్కాలో అతను కాబా చుట్టూ ఏడు సార్లూ ఆ కుర్చీని తోసుకుంటూనే తిరిగాడు. పెద్దావిడ మంచిదే. దారంతా అతన్ని దీవించింది. నల్లటి గిలాఫు గుడ్డ కప్పుకుని నిలబడ్డ ఆ ఇంటిని మొదటిసారి చూసినప్పుడు అందరూ ఏడ్చారు. అతనూ ఏడ్చాడు. చేతులెత్తి ఏదైనా అడగబోతే మాత్రం నోరు రాలేదు. బాకీ ఉన్నవాడు ఏ మొహం పెట్టుకుని అడగాలి? అడగకుండా తిరిగి వచ్చేశాడు.

కొండ మీదికి వచ్చి ఖర్జూరాలు, జంజం సీసా నర్సయ్య ముందు పెట్టి, ఉన్న సంగతి చెప్పాడు. నర్సయ్య అంతా విని ఒకటే అడిగాడు.

"గా ముక్కన్నా తేకపోయినవ్?"

"ఆయిల్‌లో నానిపోయింది నర్సన్నా."

"నానితే ఏంది? నాదే గదా."

అది అతనికి ఇంతకు ముందు తట్టనే లేదు. సంచుల మీద బిందెలు గుమ్మరించిన రోజు ఎలా తట్టలేదో, ఇదీ అలాగే. తెచ్చి చేతిలో పెడితే అయిపోయేది. ఎండుతుందో, కంపు కొడుతుందో, అది వాళ్ల నాయన గొంగడి. అతను ఖర్జూరాలు నర్సయ్య వైపు జరిపాడు. నర్సయ్య ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. గింజను జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

ఆ ఎండాకాలానికి నర్సయ్య కొండ ఎక్కలేకపోతున్నాడని అర్బాబ్ అతన్ని ఇబ్రాలో చుట్టాల తోటకు పంపేశాడు. ఖాదర్‌వలిని సమాయిల్‌కు దింపాడు. గుమ్మడి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మొదట ఖాదర్‌వలి తేలికైన దారి పట్టాడు. మస్కట్ దగ్గరి అల్ మవాలేలో ఒక దుకాణంలో పులి బొమ్మ ఉన్న మెత్తటి రజాయి కొని ఇబ్రాకు పోయాడు. నర్సయ్య దాని మీద చెయ్యి వేసి, పిల్లి వీపు లెక్కుంది అన్నాడు. దాన్ని మడిచి, మళ్లీ సంచిలో పెట్టి వెనక్కి ఇచ్చేశాడు. తొంభై మూడు సెలవులో ఇల్లు ఉరుస్తోందని కప్పు వేయించడంతోనే సరిపోయింది. గొంగడి తర్వాత అనుకున్నాడు. తర్వాత అనుకోవడం ఎంత సులువో అతనికి అప్పటికే తెలుసు, అయినా అనుకున్నాడు. తొంభై అయిదు సెలవులో జైనబీ సాధిస్తున్నా వినకుండా రైలెక్కి, బస్సులు మారి, నర్సయ్య చెప్పిన ఊరు వెతుక్కుంటూ పోయాడు. అక్కడ మగ్గం గుంట పూడ్చేశారు. నేసే ముసలాయన, ఇప్పుడు గొంగడి ఎవరు కప్పుతున్నరు సాయిబూ, అందరికీ చద్దర్లే కదా అన్నాడు. గొర్రెల నల్లబొచ్చు కత్తిరించే కాలం కూడా దాటిపోయింది. ఖాదర్‌వలి వాళ్ల అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. గుమ్మడికాయ దగ్గర అందరూ నవ్వారు. ఆయిల్ దగ్గర నవ్వు ఆగింది. ముసలాయన లోపలికి పోయి భార్యతో ఏదో మాట్లాడి వచ్చి, ఎప్పుడని చెప్పలేను గాని నేస్తానన్నాడు.

నేసేసరికి రెండేళ్లు పట్టింది. ఆ ఊరి నుంచి ఒమాన్‌కు పనికి వస్తున్న పెద్దులు అనే అతను దాన్ని బట్టల మూటలో పెట్టి తెచ్చాడు. మే నెలలో ఒక శుక్రవారం ఖాదర్‌వలి అల్ మవాలేలో అతని రూమ్‌కు పోయి మూట తీసుకుని, జుమా నమాజు చేసుకుని, ఇబ్రా బండి ఎక్కాడు.

తోటలో గాలి నిప్పులా ఉంది. నర్సయ్య వేపచెట్టు నీడన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లు తగ్గి, మెడ నరాలు తేలాయి. నాలుగు మాటలకొకసారి దగ్గు. ఖాదర్‌వలి మూట విప్పి, గొంగడిని రెండు చేతులతో అందించాడు.

నర్సయ్య దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. అంచు వేళ్ల మధ్య రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"చింతగింజల గంజి పెట్టిండ్రు. ఎవలు నేసిండ్రు?"

ఖాదర్‌వలి ఆ ముసలాయన పేరు చెప్పాడు.

"గాయిన ఇంక ఉన్నడా?" నర్సయ్య మొహంలో వెలుగు వచ్చి పోయింది. తర్వాత ఎండకేసి చూశాడు. "చలికియ్యాల్సింది ఎండకు తెచ్చినవ్, తమ్మీ."

ఖాదర్‌వలి తల వంచుకున్నాడు. ఇన్నేళ్లు మోసుకొచ్చిన మాటను అడగాలా వద్దా అని తటపటాయించి, అడిగేశాడు.

"నర్సన్నా, ఇప్పుడన్నా మాఫ్ చేసినట్టేనా? నా ఉమ్రా చెల్లినట్టేనా?"

"గది నీ దేవుణ్ని అడుగు. నాకేం తెలుసు?" దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఇద్దరూ ఆగారు. "నా గొంగడి నాకు ముట్టింది. గంతవరకు చెప్తా."

నర్సయ్య లేచి మంచం పక్కన నేలను చేత్తో చదును చేశాడు. చితుకులు ఏరేశాడు. గొంగడిని మడత విప్పి, నాలుగు మూలలూ సర్ది పరిచాడు. బండారి ఏనాడో అయిపోయింది. వంట గదిలోకి పోయి డబ్బాలోంచి చిటికెడు పసుపు తెచ్చి చల్లి, దానికి ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఖాదర్‌వలి చెప్పులు విడిచి, అంచు తొక్కకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు.